కాలిపోయిన బడి దగ్గర తూర్పుకి

నా భర్త ఎమ్మెట్ వాండ్రా ముప్పై ఒక్క ఏళ్ళు రోడ్లు చదును చేసే కౌంటీ గ్రేడర్ బండి నడిపాడు. నెబ్రాస్కాలో మా కౌంటీ అంతా గడ్డి దిబ్బలు, కంకర రోడ్లు. వాగుకి దక్షిణాన చెక్ దేశం నుంచి వచ్చిన మావాళ్ళు, ఉత్తరాన మిట్ట మీద స్వీడన్‌వాళ్ళు. వాన వెలిస్తే ఎవరి గేటు ముందు పశువుల లారీ దిగబడుతుందో ఎమ్మెట్‌కి ముందే తెలుసు.

పదిళ్ళు లేని చోటుకి పేరెందుకని కౌంటీ ఆఫీసువాళ్ళు కెట్టిల్ క్రీక్ అన్న మా ఊరి బోర్డు పీకేశారు. రోడ్లకి నంబర్లు వేసి, గేటుకి కొట్టుకోమని ఇంటింటికీ నంబరు రాసిన ఒక ఆకుపచ్చ రేకు పంపారు. ఎమ్మెట్ దాన్ని కొట్టంలోకి విసిరేశాడు.

"నేను చదును చేసిన రోడ్డుకి ఖైదీకిచ్చినట్టు నంబరిస్తారా? ఈ ఇంట్లో ఆ నంబరు వినపడకూడదు అల్మా!"

వినపడలేదు. నేనూ నవ్వి ఊరుకున్నాను. మా వైపు దారి చెప్పడమంటే ఇప్పుడు లేనివాటిని చెప్పడమే.

ఏప్రిల్‌లో ఒక ఉదయం ఎమ్మెట్ మెట్ల మీద గుండె పట్టుకుని కూలబడ్డాడు. అంబులెన్సుకి ఫోన్ చేశాను.

"రోడ్డు నంబరు చెప్పండమ్మా."

"కాలిపోయిన బడి దగ్గర తూర్పుకి తిరగమను. స్వబోడా మిల్లు ఉండిన చోటు దాటగానే మా ఇల్లు."

"ఏ బడి? మ్యాపులో బడి లేదే!"

"కాలిపోయిందని చెప్తున్నానుగా!"

అంబులెన్సు మిట్టంతా తిరిగి యాభై నిమిషాలకి వచ్చింది. అప్పటికి అతను చల్లబడిపోయాడు.

మరణ పత్రంలో చోటు కెట్టిల్ క్రీక్ అని రాయమన్నాను. అలాంటి ఊరే లేదంది గుమాస్తా.

"లేని ఊరికి ముప్పై ఒక్క ఏళ్ళు రోడ్డు ఎవడు వేశాడు?" అని అరిచాను. ఆ పిల్ల బిక్కచచ్చిపోయింది. నా కోపం ఆమె మీద కాదు. ఆఫీసు మీద, ఎమ్మెట్ మీద, నవ్వి ఊరుకున్న నా మీద.

అంత్యక్రియలకి మాత్రం మిట్ట మీదివాళ్ళు, వాగు పక్కవాళ్ళు అందరూ వచ్చారు. ఎవరూ దారి తప్పలేదు.

మర్నాడు కొట్టంలోంచి రేకు తీసి గేటుకి మేకులు దిగ్గొడుతున్నాను. గుండెకి మందులు మింగే గున్నార్ లిండాల్ మిట్ట దిగి వచ్చాడు.

"ఎమ్మెట్ చూస్తే ఏమంటాడు?"

"అనమను. లేచొచ్చి అనమను. నీ రేకేదీ?"

అతను బూట్ల వంక చూసుకున్నాడు. "కోళ్ళగూటికి అతుకేశాను."

సుత్తి అతని చేతిలో పెట్టాను.

"పద. నా కళ్ళముందు దాన్ని పీకి నీ గేటుకి కొట్టు."