కదిలే నేలకు వెళ్లిన మా అల్లుడుగారు

మా అల్లుడుగారు పోయారు. ఉత్తరాది కొండల్లో చరియ విరిగిపడిందనీ, ఆయన దాని కిందే ఉండిపోయారనీ శ్రావణమాసంలో ఓ పొద్దున్న ఫోనొచ్చింది. ఎత్తింది నేనే. మా అమ్మాయి పెరట్లో చిక్కుడుపాదుకు పందిరి కడుతోంది. దాని చేతిలో ఉన్న ముడి పూర్తయ్యేదాకా చెప్పలేకపోయాను.

ఆయనది రాళ్ల చదువు. నాది ఆరో క్లాసు, అదీ సగం. పెళ్లయిన కొత్తలో మా కాలవగట్టున చిటికెడు మట్టి తీసి పంటికింద పెట్టుకున్నారు. "కరకరలాడట్లేదు మావయ్యగారూ, ఉత్త బంకమట్టే" అన్నారు. నేను ఇంట్లోకి కేకేశాను. "సున్నుండలు దండగే అమ్మాయ్! మీ ఆయన మట్టితోనే కడుపు నింపుకుంటున్నారు!" ఆయన నవ్వి, నోరు పుక్కిలించుకుని, సున్నుండలూ తిన్నారు.

"రాజమండ్రి పక్కన కాతేరులో బోలెడు నల్లరాయి ఉంది కదండీ, అక్కడ ఉద్యోగం వేయించుకోకూడదా?" అని అడిగాను ఒకసారి.

"అది ఒకప్పుడు పొంగి పారిన నిప్పండి. చల్లారి యుగాలైంది. దాన్ని చూసి అప్పుడేం జరిగిందో ఊహించుకోవాలి. నేను పనిచేసే ఉత్తరాది కొండల్లోనైతే నేల కదులుతుండగానే చూడొచ్చు."

"నేల కదిలితే జనం పారిపోతారు. మీరు టిక్కెట్టు కొనుక్కుని మరీ వెళ్తారేంటి?"

"పారిపోలేనివాళ్ల ఊళ్లు ఆ కొండలకిందే ఉన్నాయండి. ఎటు జారుతుందో ఎవరో ఒకరు ముందే చెప్పాలి కదా."



పక్కన చేపలచెరువు తవ్వాక మా గోడ పగిలింది. అల్లుడుగారు ఆ పగులుకి అడ్డంగా ఓ గాజుబద్ద సిమెంటుతో అతికించారు. "ఇది విరిగితే గోడ ఇంకా కదులుతోందన్నమాట. వెంటనే ఫోన్ చెయ్యండి. కొండలమీద కూడా ఇలాగే కనిపెడతాం" అని చెప్పి వెళ్లారు. తరవాత ఏడాది దాకా రాలేదు. అక్కడ కాపురానికి ఇల్లు దొరక్క అమ్మాయి మా దగ్గరే ఉండేది. బస్సు చప్పుడైతే చాలు, వీధిలోకి చూసేది. దాన్నలా నేను చూడలేకపోయాను. వేసవిలో ఓ రోజు పప్పుగుత్తితో ఆ గాజుమీద ఒక్కటిచ్చి, గాజు విరిగిందని ఆయనకి ఫోన్ చేశాను.

రెండు రైళ్లు మారి పరిగెత్తుకొచ్చారు. గాజు చూడగానే నా పక్కకొచ్చి మెల్లిగా అన్నారు. "గోడ లాగితే ఒక్క గీతలా విరుగుతుందండి. ఇది మీ దెబ్బ."

"అమ్మాయికి చెప్తారా?"

"చెప్పనండి. కాకపోతే ఈ సెలవు వానల్లో పెట్టుకుందామనుకున్నాను."

పది రోజులున్నారు. నేను గెలిచాననుకున్నాను. వానలు ముదిరాక తోటివాళ్లు సెలవు పెట్టి కొండ దిగారట. ఈయనకి సెలవు మిగల్లేదు.

ఆ ఫోనొచ్చిన నెల దాటాక ఆయన సామాను వచ్చింది. బురద గట్టిపడిన ప్యాంట్లు రెండు. అమ్మాయి వాటిని పెరట్లో బోరింగు దగ్గర ఉతుకుతుంటే నేను బోరింగు కొట్టాను.

"ఆ గాజు విరగబట్టి పది రోజులైనా దక్కారు నాన్నా. దేవుడే విరిచాడు."

విరిచింది నేనని మీకు చెప్తున్నాను. దానికి ఇంకా చెప్పలేదు.

పిండినకొద్దీ బూడిదరంగు నీళ్లు వస్తూనే ఉన్నాయి. ఆ కొండల బురద మా నల్లమట్టిమీద సన్నటి పాయలా సాగిపోతోంది.

"పోవట్లేదు నాన్నా, ఇంకాస్త కొట్టండి" అంది.

కొట్టాను.