రుజువు అనే మాట నేను చెక్కను

మా సైన్సు సారు పోయిన నెల చనిపోయాడు. కర్నూలు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చినప్పుడు నేను వాకిట్లో ఒక గడపరాయికి అంచు కొడుతున్నాను. ఫోను పెట్టేసి ఆ అంచు పూర్తి చేశాను. సగంలో వదిలితే రాయి పాడవుతుంది. తర్వాత చేతులు కడుక్కొని, చొక్కా మార్చుకొని టీచరమ్మ ఇంటికి పోయాను. టీచరమ్మ అంటే సారు భార్య.

అక్కడ అందరూ ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు. ఆయన మీద నాకు ఏండ్ల నాటి కోపం ఒకటుంది. దానికి జవాబు చెప్పకుండానే పోయాడు. ముందు ఆ కోపం సంగతి చెబుతాను, తర్వాత ఆయన సంగతి. ఇది మన చర్చి సంఘం పత్రిక. చదివేవాళ్లలో చాలామందికి నేనూ తెలుసు, నా నోరూ తెలుసు. అందుకని మెత్తగా రాయడం లేదు.

తెలియనివాళ్లకు చెబుతున్నాను. నేను బేతంచెర్లలో నాపరాతి మేస్త్రీని. గనిలో రాయి తీశాను, పాలీషు పట్టాను, ముసలితనంలో రాళ్ల మీద పేర్లు చెక్కుతున్నాను. మా గనుల్లో అప్పుడప్పుడు ఒక రాయి పడుతుంది. పలకలు విడదీస్తే లోపల నల్లటి చెట్టు కనిపిస్తుంది. మొదలు, కొమ్మలు, రెమ్మలు, అన్నీ సన్నని కుంచెతో గీసినట్టు ఉంటాయి. దాన్ని చెట్టురాయి అంటాం. మా నాయన దాన్ని చూసినప్పుడల్లా తలగుడ్డ తీసేవాడు. దేవుడు గీసిన బొమ్మ అని ఆయన నమ్మకం. నాదీ అదే.

ఒకసారి కడపలో క్రైస్తవ మహాసభలకు పోయాను. బాగా చదువుకున్న ప్రసంగీకుడు ఒకాయన వచ్చాడు. రోడ్డు మీద లారీ దానంతటదే తయారవుతుందా, మరి కన్ను దానంతటదే ఎట్లా తయారవుతుంది అని అడిగాడు. జీవాన్ని ఒక తెలివి పనిగట్టుకొని తయారు చేసిందని, దాన్ని ఇంటెలిజెంట్ డిజైన్ అంటారని, ఇది మతం కాదు, సైన్సేనని చెప్పాడు. నాకు చాలా సంతోషమైంది. మా నాయన మాట సైన్సు కూడా ఒప్పుకుందని బస్సులో ఇంటికొచ్చేదాకా అదే తలచుకున్నాను.

ఆ ఏడు బళ్లో సైన్సు ప్రదర్శన పెట్టారు. ఊళ్లో దొరికే రాళ్లు కావాలని సారు అడిగాడు. నేను దాచుకున్న చెట్టురాళ్లలో మేలైనది తీసి, పాలీషు పట్టి, నా చేతులతో మోసుకొనిపోయి సైన్సు బల్ల మీద పెట్టాను. పక్కన అట్టముక్క మీద రాయించి పెట్టాను: "చేసినవాడు ఉన్నాడు. ఇదే సైన్సు రుజువు." మరునాడు ఇస్త్రీ చొక్కా వేసుకొని చూడటానికి పోతే బల్ల మీద నా రాయి లేదు. బయట వరండాలో, నీళ్లకుండ పక్కన, గోడకు ఆనించి ఉంది. అట్ట లేదు. నా రాయి ఉన్న చోట గాజుగ్లాసులో ఉప్పునీళ్లు పెట్టారు.

ఇదీ నా కోపం. ఉప్పునీళ్లకు బల్ల, నా రాయికి వరండా.

ఇప్పుడు ఆయన సంగతి. సారుది నందికొట్కూరు వైపు. ఉద్యోగానికి బేతంచెర్ల వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆదివారం చర్చిలో నా పక్కనే కూర్చునేవాడు. గొంతు బాగుండదు, అయినా గట్టిగా పాడేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. ఆ జేబు ఏ రంగు చొక్కాకైనా తెల్లగానే ఉండేది.

నాకు చెక్కడం వచ్చు, రాయడం సరిగా రాదు. మొదట్లో ఎవరో కాగితం మీద రాసిస్తే చూసి చెక్కేవాణ్ని, వంకరగా వచ్చేది. ఒకరోజు సారు మా వాకిట్లో నిలబడి చూసి, జేబులోంచి సుద్దముక్క తీసి, రాయి మీద అక్షరాలు తానే రాశాడు. నేను ఆ గీత మీద ఉలి నడిపాను. అప్పటి నుంచి మా ఇద్దరి పని అట్లాగే నడిచింది. ఆయన సుద్దతో రాస్తాడు, నేను చెక్కుతాను. నాకు ఈ నాలుగు ముక్కలు రాయడం వచ్చింది కూడా అట్లా ఆయన గీతల మీద ఉలి నడిపే. మన సమాధుల తోటలో ఉన్న చాలా రాళ్లు మా ఇద్దరివి.

రాసే ముందు తన తువ్వాలతో రాయి తుడిచేవాడు. చనిపోయినవాళ్ల ఇంటివాళ్లను కూర్చోబెట్టి అడిగేవాడు. "ఇది మీకు ఎట్ల తెలుసు?" ఇదొకటే ఆయన ప్రశ్న. ఒక పెద్ద రైతు కుటుంబంవాళ్లు తమ తండ్రి రాయి మీద మహాదాత అని రాయమన్నారు. ఎవరికి ఏమిచ్చినాడో రెండు సంగతులు చెప్పండి, రాస్తా అన్నాడు సారు. వాళ్లు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. పెద్ద కొడుక్కు కోపం వచ్చింది. చివరికి "మంచి రైతు" అని రాయించుకొని పోయారు. అది నిజం. ఆయన పొలంలో గట్టు మీద కూడా గడ్డి ఉండేది కాదు.

ప్రదర్శన తర్వాత నేను సారును పిలవడం మానేశాను. చర్చిలో కూడా వేరే వరుసలో కూర్చున్నాను. కొన్నాళ్లకు ఆయనే మా పాలీషు షెడ్డుకు వచ్చాడు. పాలీషు పట్టిన రెండు చిన్న రాళ్లు తీసుకున్నాడు. ఒకదాని మీద రాతిబురద పూసి, రెండోదాన్ని దాని మీద పెట్టి అదిమి, మెల్లగా పైకి విడదీశాడు. బురద కొమ్మలు కొమ్మలుగా చీలి అంటుకుంది. చూస్తే చెట్టే.

"ఈ చెట్టు ఎవురు గీసినారు మేస్త్రీ?"

"ఎవురూ గీయలేదు. బురద. రోజూ అట్లనే అంటుకుంటాది."

"రోజూ చూస్తాండావు. నీ రాయిలోది మాత్రం దేవుడు కూచోని గీసినాడా?"

షెడ్డులో పనివాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. నీళ్లలో కరిగిన ఒక రకం నల్లటి ఖనిజం రాతి పగుళ్లలోకి దిగి, ఆరిపోతూ అట్లా కొమ్మలుగా పరుచుకుంటుందని ఆయన చెప్పాడు. చెట్టుకూ దానికీ చుట్టరికం లేదట. నేను వదల్లేదు. సరే, రాతి మీద చెట్టు సంగతి పోనీ, రోడ్డు పక్కనున్న వేపచెట్టు సంగతేమి, మొట్టమొదటి పురుగు ఎక్కడ నుంచి వచ్చింది అని అడిగాను.

ప్రాణం వేపచెట్టు దాకా ఎట్ల వచ్చిందో శానా తెలిసింది, మొట్టమొదటి ప్రాణం ఎట్ల వచ్చిందో తనకు తెలీదన్నాడు. చాలామంది వెతుకుతున్నారు, ఎవరికీ ఇంకా పూర్తిగా చిక్కలేదన్నాడు. తెలీదు అని చెప్పేటప్పుడు ఆయన మొగంలో నామోషీ ఏమీ కనబడలేదు. అది నాకు వింతగా తోచింది. నేనైతే చచ్చినా ఆ మాట అనను.

"తెలీనప్పుడు దేవుడు చేసినాడని ఒప్పుకోవచ్చు గదా సారూ."

"ఒప్పుకుంటాండా. ఆదివారం నీ పక్కన కూచోని పాడింది ఎవురప్పా? దాన్ని సైన్సు అనొద్దంటాండా, అంతే."

తర్వాత ఆయన అడిగిన మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు. రాయి కొనేటప్పుడు ఏం చేస్తావు అని అడిగాడు. సుత్తితో కొట్టి మోగిస్తాను, లోపల చీలిక ఉంటే డొల్ల శబ్దం వస్తుంది అన్నాను. మోగించనివ్వను, నా మాట నమ్ము అనేవాడి దగ్గర కొంటావా అన్నాడు. వాడి గడప తొక్కను అన్నాను.

"సైన్సు అంటే ఆ మోగించేదే మేస్త్రీ. తెలివైనవాడు ఎవుడో చేసినాడు అంటావు. సరే, ఏం కనపడితే ఆ మాట తప్పయితాదో చెప్పు. కన్ను బాగుంటే చేసినవాని తెలివి అంటావు. పుట్టుగుడ్డి అయితే చేసినవాని చిత్తం అంటావు. యాడ కొట్టినా ఒకే శబ్దం వచ్చే రాయి నాకేం చెప్తాది?"

"తప్పని తేలే దారి లేదంటే అది అంత గట్టిదని గదా."

సారు నవ్వాడు. గట్టిదే కావచ్చు, చర్చిలో పెట్టుకుందాం, బళ్లో బల్ల మీద వద్దు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ చేసినవాడు ఉన్నాడనే నమ్ముతున్నాను, చచ్చేదాకా నమ్ముతాను. కానీ అప్పటి నుంచి సుత్తితో రాయి మోగించినప్పుడల్లా ఆయన మాట గుర్తొస్తుంది.

నా భార్య చనిపోయినప్పుడు నేను సారును పిలవలేదు. ఆయనే వచ్చాడు, జేబులో సుద్దముక్కతో. ఏం రాయాలి అని అడిగాడు. ప్రభువు దగ్గర ఉంది అని రాయాలన్నాను. ఎట్ల తెలుసు అని అడుగుతాడని కాచుకొని ఉన్నాను. అడిగితే ఆ రోజు ఏదో ఒకటి జరిగేది. ఆయన అడగలేదు. తువ్వాలతో రాయి తుడిచి రాశాడు. ప్రభువు అన్న మాట గుండ్రంగా రాలేదని చెరిపి మళ్లీ రాశాడు. వెళ్లేటప్పుడు చెప్పాడు. "ఇది నీ నమ్మకం. నీ ఇంటి రాయి మీద నీ నమ్మకం రాసుకోడానికి ఎవుని రుజువూ అక్కర్లేదు."

ఆ తర్వాత మళ్లీ ఆయన పక్కనే కూర్చున్నాను. కోపం మాత్రం పోలేదు.

సారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేనూ మన సంఘ కార్యదర్శీ చూడటానికి పోయాం. కార్యదర్శి మంచివాడే, కానీ ఆత్రం ఎక్కువ. సృష్టికర్త ఉన్నాడని ఇప్పుడైనా ఒప్పుకోండి సారూ అన్నాడు. సారు గొంతు లేవడం లేదు. అయినా అన్నాడు.

"నేను ఎప్పుడప్పా లేడన్నది?"

తర్వాత ప్రార్థన చేయమన్నాడు, చేశాం. ఆమేన్ అన్నాడు. జరిగింది ఇంతే. నేను మంచం పక్కనే ఉన్నాను.

సారును సమాధి చేశాక జరిగిన ఆదరణ కూడికలో కార్యదర్శి మైకు పట్టుకొని, మన సారు జీవితమంతా సైన్సు చదివి చివరికి జీవానికి కర్త ఉన్నాడని సైన్సుతోనే తేల్చాడని చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. మరునాడు సమాధి రాయి మీద చెక్కాల్సిన మాట నాకు పంపారు. సంఘ పెద్దలందరూ ఒప్పుకున్నదట. "సృష్టికర్తను సైన్సుతో రుజువు చేసిన గురువు."

నా అట్టముక్క మీది మాటే. అప్పట్లో ఆయన బల్ల మీద నుంచి తీసేసిన మాట ఇప్పుడు ఆయన గుండె మీద పెట్టమంటున్నారు.

నేను టీచరమ్మ దగ్గరికి పోయాను. ఆమెకు ఈ ఊళ్లో బిడ్డలు లేరు, బంధువులు లేరు, సంఘమే దిక్కు. పెద్దలతో తగాదా పెట్టుకొనే స్థితిలో ఆమె లేదు. "పేరు ఒక్కటి చెక్కినా చాలు అన్నా" అంది. మాటల్లో నా చెట్టురాయి సంగతి ఎత్తాను. ఆమె ఆశ్చర్యపోయింది. ప్రతి ఏడూ కొత్త తరగతి రాగానే సారు పుస్తకం తెరవకముందు పిల్లల్ని ఆ వరండాలోకి తీసుకొనిపోయేవాడట. ఇది ఎవరో గీసినట్టుంది కదా, గీసినారో లేదో ఎట్ల తెలుసుకుందాం అని అడిగేవాడట. ఆ రోజు జవాబు చెప్పేవాడు కాదట. రిటైరయ్యేదాకా ఆయన మొదటి పాఠం ఆ రాయేనట.

"లోపల పెట్టే చెప్పొచ్చు గదమ్మా."

"లోపల చీకటన్నా. చెట్టు కనపడదు."

ఆ ఒక్క మాట ఆయన నాతో చెప్పి ఉండాల్సింది. ఎట్ల తెలుసు అని ఊరందరినీ అడిగిన మనిషి, రాయి వరండాలో ఎందుకుందో నాకు తెలుసో లేదో మాత్రం అడగలేదు. ఆ తప్పు ఆయనదే. చనిపోయాడని దాన్ని మాఫీ చేయను. కానీ నా రాయి చుట్టూ అంతమంది పిల్లలు నిలబడ్డారని తెలిశాక ఆ రోజు అన్నం బాగా తిన్నాను.

సంఘ పెద్దలకు నేను చెప్పేది ఇదీ. సృష్టికర్తను నమ్మిన గురువు అని రాయమనండి, ఇప్పుడే చెక్కుతాను. అది నిజం, ఆయన పాట నా చెవిలో ఉంది. రుజువు చేసిన అని రాయమంటే చెక్కను. నేను నమ్మినదాన్నే మీరూ నమ్ముతున్నారు, నాకు సంతోషం. కానీ ఆ మాట ఆయనది కాదు. ఆయన నోరు మూతపడ్డాక ఆయన నోట్లో మాట పెట్టడం నాకు చేతకాదు. వేరే మేస్త్రీతో చెక్కిస్తామని కబురు పంపారు. చెక్కించండి. ఈస్టరు తెల్లవారుజామున జనం కొవ్వొత్తులతో సమాధుల దగ్గరికి వస్తారు, వాళ్లలో ఆయన దగ్గర చదివినవాళ్లూ ఉంటారు. వాళ్లు ఆ రాయి ముందు నిలబడి ఎట్ల తెలుసు అని అడుగుతారు. నేర్పింది ఆయనే కదా.

రాయి నా వాకిట్లో రెండు దుంగల మీద ఉంది. పేరు చెక్కడం అయిపోయింది. ఈసారి సుద్దతో రాసేవాడు లేడు కాబట్టి నేనే రాసుకున్నాను. రెండో అక్షరం కొంచెం వంకరపోయింది, ఆయన ఉంటే చెరిపించేవాడు. పేరు కింద జాగా నున్నగా, ఖాళీగా ఉంది. పొద్దున లేవగానే గని దుమ్ము దాని మీద తెల్లగా పరుచుకొని ఉంటుంది. తువ్వాలతో తుడుస్తాను. సుద్దముక్క రాయి తలవైపు పెట్టుకున్నాను.

పెద్దలారా, సారు సైన్సుతో రుజువు చేశాడంటున్నారు కదా. ఎప్పుడు చేశాడు, ఏం చూపించి చేశాడు, ఎవరు మోగించి చూశారు? ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం ఆరాధన ముగిసేలోగా నా వాకిటికి వచ్చి, ఈ రాయి ముందు నిలబడి చెప్పండి.