ఎల్లస్వామి సెలూన్‌లో హోయా

జడ్చర్ల బస్టాండు వెనక సెలూన్ నడిపే ఎల్లస్వామికి ఒక జబ్బు ఉంది. ఏది వేలాడినా కత్తిరించాలి. తువాలు అంచున దారమైనా సరే, పెళ్లి బంతిలో పక్కన కూర్చున్న పెద్దమనిషి చెవి వెంట్రుకైనా సరే.

2017లో ఆయన భార్య స్వరూప హైవే పక్క నర్సరీ నుంచి హోయా తీగ తెచ్చింది. దళసరి ఆకులు, నున్నటి మెరుపు.

"మైనంతోని చేసినట్టు పూలు గుత్తులుగుత్తులుగ వస్తయట. ఇంట్ల వెలుతురు లేదు, గీడ కిటికీల పెడుతున్న" అంది.

తీగ అద్దం చుట్టూ పాకింది. ఐదేళ్లు గడిచినా ఒక్క పువ్వు లేదు. ఎల్లస్వామి మజ్జిగ పోశాడు. దిష్టి తగిలిందేమోనని నిమ్మకాయ కట్టాడు. తీగ నిమ్మకాయను కూడా చుట్టేసింది.

రోజూ పేపరు చదవడానికి వచ్చి, నెలకోసారి మాత్రమే గడ్డం గీయించుకునే చోటే మియా ఊరుకోలేదు. "అరె భాయ్, నీకు ప్లాస్టిక్‌ది అంటగట్టిండ్రు. నీళ్లు బంద్ చెయ్. తడిబట్టతోని తుడిస్తె చాలు."

2022 వానల్లో ఎల్లస్వామి బండి మీంచి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది, ఆరు వారాలు పిండికట్టు. బావమరిది శివకృష్ణ కత్తెర పట్టాడు. ఎల్లస్వామి మూల కుర్చీలో కూర్చుని తీగనే చూశాడు. ఆకులేని పొడుగాటి కొసలు తోకల్లా వేలాడుతున్నాయి. ఆయనకు ప్రాణం పోతున్నట్టు అనిపించింది.

"కిష్ణా, జర గా కొసలు కొట్టేయ్‌రా."

"గిరాకీ తల సగంల ఉంది బావా, ఆగు!"

శివకృష్ణ ఆ సంగతి మరిచిపోయాడు. ఐదో వారంలో ఆ కొసలకే మొగ్గలు వచ్చాయి. తర్వాత లేత గులాబీ రంగు గుత్తి విచ్చుకుంది. సాయంత్రానికి సెలూన్‌లో క్రీముల వాసన ఆ పూల పరిమళం ముందు ఓడిపోయింది.

స్వరూప వచ్చి చూసి నడుము మీద చేతులు పెట్టుకుంది. "ఐదేండ్ల సంది పూసే కొమ్మలకే కటింగ్ చేస్తున్నవా?"

ఎల్లస్వామి తల దించుకున్నాడు, కానీ నవ్వు ఆగలేదు. చోటే మియా పువ్వును నలిపి చూడబోయాడు. వేలికి తేనె అంటుకుంది. ఆ రోజు నెలవారీ గడ్డానికే వచ్చినా, ఆయన గీయించుకోకుండానే వెళ్లిపోయాడు.

పూలు రాలాక మిగిలిన కాడను కూడా తుంచవద్దని, మళ్లీ అక్కడే పూస్తుందని స్వరూప ఫోన్‌లో చూసి గట్టిగా చెప్పింది. నిరుడు తొమ్మిది గుత్తులొచ్చాయి. సగం అద్దం మూసుకుపోయింది. కటింగ్ ఎలా కుదిరిందో సరిగా కనబడక గిరాకీల ఫిర్యాదులు కూడా తగ్గాయి.