శనివారం పఫ్

రుషికొండలో ఏ బేకరీ ముందు కర్రీపఫ్ వాసన తగిలినా, నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

చిన్నప్పుడు కంచరపాలెంలో మా వీధి బేకరీ సింహాచలం మావయ్యది. ఒక శనివారం అక్కడి పఫ్‌లు తెల్లగా పాలిపోయి కనిపించాయి. నిన్నటివి అంటగడుతున్నాడని కోపం వచ్చి, కొట్టు నిండా జనం ఉండగా అరిచాను.

"పాసిపోయినవి అమ్మేత్తన్నాడు, కొనకండి."

ఇద్దరు ఆడవాళ్ళు పఫ్‌లు వెనక్కి పెట్టేసి వెళ్ళిపోయారు.

మావయ్య ఒక పఫ్ నా చేతిలో పెట్టాడు. అది చెయ్యి కాలేంత వేడిగా ఉంది.

"ఇప్పుడే తీసేను బాబూ. శనివారం మీయమ్మలాటోళ్ళు గుడ్డు ముట్టరు కదేటి. అందుకే పైన గుడ్డుసొన రాయనేదు, ఎర్రగా రానేదు."

ఆ ఆడవాళ్ళు ఇంకా వీధి చివరనే ఉన్నారు. పిలిస్తే వినబడేది. అంత గట్టిగా అరిచిన నోరు అప్పుడు పెగల్లేదు.