రెండు మెట్లు మింగిన మేస్త్రీ

ఆ రోజుల్లో సంతకం పెట్టడం నాకు ఊపిరి పీల్చినంత తేలిక. సూరత్ పక్కన హజీరాలో, ఒక ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ఇంజినీరును. ఎవరు ఏ కాగితం ముందుంచినా ‘చూశాను, ఆమోదించాను’ అని రాసి, సంతకం కింద ఒక గీత లాగేవాణ్ణి. (చూడటం ఒక్కటే ఉండేది కాదు.) సూరత్‌లో నా ఇల్లు కట్టిన మేస్త్రీ దొంగ అని ఇరవై ఏళ్లుగా చెప్పుకుంటూ వచ్చాను. అసలు జరిగింది ఇది.

ఇల్లు పూర్తయ్యాక చూస్తే మేడమెట్లు ఒక్కొక్కటీ మోకాలెత్తు. ప్లానులో పదిహేడు, కట్టినవి పదిహేను. నాకు ఒళ్లు మండిపోయింది. రెండు మెట్లు మింగినవాడికి చివరి వాయిదా ఇచ్చేది లేదన్నాను. “ఆ పైసలొస్తేనే కూలోళ్లకిస్త సారూ, జర ఆలోచించుండ్రి” అన్నాడు మేస్త్రీ. కరీంనగర్ వైపు మనిషి. నేను ఆలోచించలేదు. తగవొస్తే సూరత్ తెలుగువాళ్లలో ఒక పెద్దాయన మాటే ఆఖరని ఒప్పందంలో ఇద్దరం రాసుకున్నాం. మరమగ్గాల కార్ఖానాలో పనివాళ్ల మీద మాస్టరుగా చేసి మానేసినాయన. ఆయన్నే పిలిపించాను.

ఆదివారం పొద్దున ఆయన వచ్చి, మెట్లు ఎక్కి దిగి, ఆయాసపడుతూ కూర్చున్నాడు. నేను నిలబడి అరగంట మాట్లాడాను. మోసం అన్నాను, నమ్మకద్రోహం అన్నాను, నిర్మాణ ప్రమాణాలు అన్నాను. (అవి నేనూ చదవలేదు.) మేస్త్రీ సిమెంటు మరకల నోటుబుక్కు ఒకటి తీసిచ్చాడు. పని జరిగినన్నాళ్లూ, నేను కంపెనీ బస్సు దిగి రాగానే అందులో ఆ రోజు పని రాసి చూపించి, సంతకం పెట్టించుకునేవాడు. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని పైకి చదివాడు: “మెట్ల ముంగట స్కూటర్‌కు జాగ కావాలె, రెండు మెట్లు తగ్గియ్యి అన్నడు సారు. మోకాళ్లు వోతయని చెప్పిన. ఇంజినీరుకే నేర్పుతవా అన్నడు.” కింద నా అక్షరాలే: చూశాను, ఆమోదించాను. గీత కూడా ఉంది. “ఇగ నేనేం చెప్పాలె సారూ?” అన్నాడు పెద్దాయన. “అప్పుడేదో తొందరలో ఉన్నారండీ” అంది మా ఆవిడ, నన్ను కాపాడబోయి. “ఎప్పుడూ తొందరే” అని మళ్లీ తనే అంది.

పొద్దుగూకేలోగా పైసలన్నీ ఇయ్యమని తీర్పు. ఇచ్చాను. కానీ మర్నాడు కంపెనీ బస్సులో, పక్కవాళ్లతో, తోటి తెలుగువాడు కదా అని దొంగను వదిలేశానని చెప్పాను. అది నమ్మి ముగ్గురు తమ ఇళ్ల పని వేరేవాళ్లకిచ్చారు. అతనికి రావలసిన మూడిళ్లు అవి. నా కోపమంతా ఇప్పుడు ఆ రోజు కిటికీ పక్క సీట్లో కూర్చుని ఆ అబద్ధం చెప్పిన కుర్ర ఇంజినీరు మీదే.

స్కూటర్ అమ్మేసి చాలా ఏళ్లయింది. మోకాళ్లు మాత్రం మేస్త్రీ రాసినట్టే పోయాయి. ఇదంతా రాసిన ఈ కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివి, సంతకం పెడుతున్నాను. గీత లాగడం లేదు.