కుడివైపు గొంతు

మరైగూడ చుట్టుపక్కల ఎక్కడ హారన్ మోగినా, ఆ తీగ పట్టుకుని వెనక్కి వెళ్తే చివర లలిత కనిపిస్తుంది. పెళ్లి కావచ్చు, దినం కావచ్చు, పంచాయతీ మీటింగ్ కావచ్చు. మైకుసెట్టు కావాలంటే లలితకే కబురు.

ఆ సెట్టు పెట్టింది ఆమె తండ్రి వెంకన్న. భద్రాచలం వైపు నుంచి కూలిపనికి వచ్చినవాడు, కొంటలో ఒకాయన దగ్గర తీగలు అతకడం నేర్చుకుని, పాత యాంప్లిఫయర్ ఒకటి, హారన్లు రెండు సంపాదించుకుని మరైగూడలో స్థిరపడ్డాడు. మగపిల్లలు లేరు. ఉన్న ఒక్క కూతురు చెట్లెక్కడంలో దిట్ట. తీగ భుజానికి చుట్టుకుని ఇప్పచెట్టు ఎక్కి, కొమ్మ మీద కూర్చుని హారన్ కట్టేది. కింద నుంచి తండ్రి ఇటు తిప్పమంటే ఇటు, అటు తిప్పమంటే అటు తిప్పేది. ఆడపిల్లను చెట్టెక్కిస్తావేందని ఎవరైనా మందలిస్తే వెంకన్న నవ్వేవాడు. అది ఎక్కితే ఊరంతా వినపడుతుంది, నేను ఎక్కితే కొమ్మ విరుగుతుంది అనేవాడు.

మోకాళ్లు మొరాయించాక వెంకన్న దుకాణంలో కూర్చుని రిపేర్లకే పరిమితమయ్యాడు. ఊళ్లు తిరగడం లలిత వంతయింది. ఆమెకు ఇంకో బలం కూడా ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, పొలాల్లో తోటి దోర్ల గిరిజనుల పిల్లలతో వాళ్ల భాష దోర్లీ. ఏ భాష ఎప్పుడు అందుకోవాలో నాలుకకే తెలుసు. సంతలో ఏదైనా చాటాలంటే ఒకే విషయాన్ని మూడు భాషల్లో, మూడు రకాల జనానికి తగ్గట్టు చెప్పేది.

ఆ నోరే ఆమెను రికార్డింగులోకి దించింది. ఊళ్లలో మలేరియా గురించి చెప్పే ఒక సంస్థ వాళ్లు, ఎక్కడో నగరంలో చేసిన హిందీ రికార్డులు ఇక్కడి సంతల్లో వేసి వేసి విసిగిపోయారు. వినేవాళ్లు లేరు. నువ్వే దోర్లీలో చేసి పెట్టమని లలితను అడిగారు. చిన్న రికార్డర్ ఒకటి, రెండు మైకులు, ఎవరో వాడి వదిలేసిన లాప్‌టాప్ ఇచ్చారు.

ఎడిటింగ్ నేర్పింది అభిషేక్. కిరందుల్ గనుల టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగిన కుర్రాడు, పెళ్లి వీడియోలు తీస్తాడు. కొంటలో ఒక పెళ్లిలో పరిచయమై, ఫోన్‌లోనే ఎక్కడ కత్తిరించాలో, ఎక్కడ అతకాలో చెప్పాడు. అంతా అయ్యాక ఫైలు బయటికి తీసేటప్పుడు మోనోనా, స్టీరియోనా అని సాఫ్ట్‌వేర్ అడుగుతుందని, స్టీరియో పెట్టుకోమని, అది గొప్పదని కూడా చెప్పాడు. లలిత సరేనంది. రెండు చెవులున్నప్పుడు రెండిటికీ పెట్టడమే న్యాయం కదా అనుకుంది.

మొదటి రికార్డు కోసం ఆమె గంగను వెతుక్కుంటూ వెళ్లింది. గంగ కిష్టారానికి అవతల, వాగు దాటాక ఉండే ఒక గూడెంలో మితానిన్, అంటే ఊరి ఆరోగ్య కార్యకర్త. ఇళ్లు తిరిగి జ్వరాలు చూసేది, రక్తపు చుక్క తీసి పరీక్షకు పంపేది ఆమే. దోర్ల మనిషి. నెమ్మదిగా మాట్లాడుతుంది గానీ, చెప్పిందంటే పక్కింటి పెద్దమ్మ చెప్పినట్టు మనసుకు తగులుతుంది. తను ప్రశ్నలు అడగాలని, గంగ జవాబులు చెప్పాలని లలిత అనుకుంది. మా మాట మైకులో బాగుంటదా అని గంగ మొదట వెనకాడింది. ఎవరూ ఇంతవరకు దోర్లీని యంత్రంలో పెట్టగా ఆమె చూడలేదు. చివరికి ఒప్పుకుంది. లలిత మైకు రికార్డర్ ఎడమ రంధ్రంలో, గంగ మైకు కుడి రంధ్రంలో పెట్టి ఇద్దరూ చాప మీద కూర్చుని మాట్లాడుకున్నారు.

ఇంటికొచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే లలితకు ఒళ్లు పులకరించింది. ఎడమ చెవిలో తను, కుడి చెవిలో గంగ. వాళ్లిద్దరి మధ్యలో కూర్చుని వింటున్నట్టే ఉంది. స్టీరియో అంటే ఇదన్నమాట అనుకుని అలాగే బయటికి తీసి, మెమొరీ కార్డులో వేసి, కిష్టారం సంతకు హారన్లు పట్టుకుని వెళ్లింది. హారన్ మోత విని కంగారుపడకుండా దారిలోని పోలీసు క్యాంపులో ముందే చెప్పి ఉంచింది. గంగకూ కబురు పెట్టింది.

గంగ ఒక్కతే రాలేదు. అత్త జోగిని, ఆడబిడ్డలను, గూడెం పెద్దను వెంటబెట్టుకుని వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. అందరూ చింతపండు గుట్టల పక్కన నిలబడి చెవులు రిక్కించారు.

హారన్‌లో లలిత గొంతు ఖంగుమంది. జ్వరం వచ్చి చలి పుడితే ఏం చేయాలక్కా అని అడిగింది. తర్వాత నిశ్శబ్దం. ఎక్కడో గుహలో నుంచి వచ్చినట్టు చిన్న గొణుగుడు, అంతే. మళ్లీ లలిత గొంతు, దోమతెర ఎట్ట కట్టుకోవాలక్కా అంది. మళ్లీ నిశ్శబ్దం. మూడో ప్రశ్నకు సంత నవ్వడం మొదలుపెట్టింది. ఉప్పు అమ్ముకునే ముసలాయన ఒకడు, అడిగేటోళ్లకు కొదవ లేదు, చెప్పేటోళ్లే దొరకరు మనకు అన్నాడు. ఆ మాటకు ఇంకా నవ్వారు.

లలిత తీగలన్నీ పీకి మళ్లీ పెట్టింది. అదే ప్రశ్న, అదే నిశ్శబ్దం. ఆపేసి, చేతి మైకు తీసుకుని గంగ దగ్గరికి పరుగెత్తి, నువ్వే చెప్పు అని అందించింది. గంగ అందుకోలేదు. ఆమె మొహంలో కోపం లేదు, అదే లలితకు ఎక్కువ గుచ్చుకుంది.

"మా మాట మైకులోకి రాదనుకున్న. పెట్టినవ్. మళ్లీ నువ్వే తీసేసినవ్" అంది గంగ. అత్తను చెయ్యి పట్టుకుని, తన వాళ్లతో వాగు వైపు నడిచింది.

లలితకు తల కొట్టేసినట్టయింది. అయినా సెట్టు సర్దుకుని తప్పుకోలేదు. ఆ చేతి మైకులోనే మూడు భాషల్లోనూ చెప్పింది. గంగక్క అన్నిటికీ జవాబు చెప్పిందని, అది తన చేతకానితనం వల్ల వినపడలేదని, వచ్చే సంతకు తప్పకుండా వినిపిస్తానని. ఎవరు విన్నారో, ఎవరు వినలేదో గానీ, అనాల్సింది అనేసి మైకు ఆపింది.

ఇంటికి వచ్చీ రాగానే లాప్‌టాప్ తెరిచింది. హెడ్‌ఫోన్లలో గంగ గొంతు నిక్షేపంలా ఉంది. ఎక్కడికి పోయినట్టు మరి? చెమట తుడుచుకుందామని కుడి చెవి మీది దాన్ని పక్కకు జరిపింది. గంగ మాయమైంది. మళ్లీ పెట్టుకుంది, గంగ వచ్చింది. లలిత లేచి దుకాణంలోకి వెళ్లి తండ్రికి చూపించింది.

వెంకన్న హారన్‌కు పెట్టే పిన్నును చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"మన పిన్నుకు ఒక్కటే చెవి బిడ్డా" అన్నాడు. "ఎడమదే పట్టుకుంటది. కుడిది గాలికి పోతది."

ఇన్నేళ్లు అది ఎందుకు తెలియలేదని లలిత అడిగింది. ఇద్దరూ ఆలోచించారు. సినిమా పాటల్లో పాడేవాళ్ల గొంతు రెండు వైపులా ఉంటుంది. కుడివైపు ఏ వీణో, ఏ వేణువో పోయినా పెళ్లివాళ్లకు తెలియదు. అంటే ఈ చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ ఇంతకాలం సగం పాటలతోనే జరిగాయన్నమాట. వెంకన్నకు నవ్వాగలేదు. లలితకు మాత్రం నవ్వు రాలేదు. పాటలో వేణువు పోతే పోనీ. ఇక్కడ పోయింది గంగ.

అభిషేక్‌కు ఫోన్ చేస్తే అతను నొచ్చుకున్నాడు. "నేనే అక్కా స్టీరియో పెట్టమన్నది. మీరు హారన్‌లో వేస్తారని ఆలోచించలేదు. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు మోనో పెట్టండి, రెండు గొంతులూ కలిసి ఒకటే ధారగా వస్తాయి. ఎటు వైపు తీగ పట్టుకున్నా ఇద్దరూ ఉంటారు" అన్నాడు.

అలాగే చేసింది. ఇద్దరూ వచ్చారు. కానీ పక్కపక్కన ఉన్నప్పుడు తెలియని తేడా, ఒకదానిలో ఒకటి కలిసేసరికి బయటపడింది. లలితది సంతలో అరిచి అరిచి గట్టిపడ్డ గొంతు. గంగది వాకిట్లో కూర్చుని మాట్లాడే గొంతు. ఎక్కడైనా లలిత మధ్యలో ఊఁ కొడితే చాలు, గంగ దాని కింద అణిగిపోతోంది. లలిత వెనక్కి వెళ్లి తన గొంతు తగ్గించింది, గంగ గొంతు పెంచింది. గంగ మాట మధ్యలో తన ఊఁలన్నీ ఏరి తీసేసింది. అప్పుడు మోనో పెట్టి బయటికి తీసింది. ఫైలు కూడా సగానికి తగ్గింది, సిగ్నల్ సరిగ్గా లేని ఊళ్లలో ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు పంపడం తేలిక. ఆ పైన దుకాణంలో ఉన్న ప్రతి వస్తువులో వేసి చూసింది. పగిలిన ఫోన్‌లో, చేతి రేడియోలో, చివరికి ఆ ఒంటిచెవి పిన్నుతో హారన్‌లో. అన్నిట్లోనూ గంగ ఉంది.

సంతకంటే ముందు గంగ వినాలి కదా. మోపెడ్ మీద హారన్, బ్యాటరీ కట్టుకుని, వాగు దగ్గర దిగి నెట్టుకుంటూ లలిత గూడెం చేరింది. జరిగిందేమిటో గంగకు హెడ్‌ఫోన్లతో చూపించింది. ఒక చెవి తీసి, మళ్లీ పెట్టి, ఇదిగో ఇట్ట పోయినవ్ అని చెప్పింది. తర్వాత అదే హారన్‌లో, అదే పిన్నుతో కొత్తది వేసింది. గంగ గొంతు గూడెం మొత్తం నిండింది. వడ్లు దంచుతున్నవాళ్లు రోకళ్లు ఆపి బయటికొచ్చారు. రక్తపరీక్షకు సూది భయం లేదు, చీమ కుట్టినంతే అని గంగ గొంతు హారన్‌లో చెబుతుంటే, ఆ మాటే వాళ్లకు రోజూ చెప్పే గంగ పక్కనే నిలబడి వింటోంది.

"నేను ఇంత గట్టిగా మాట్లాడతానా?" అంది. లలితకు అన్నం పెట్టి పంపింది.

తర్వాతి సంతలో ఎవరూ నవ్వలేదు. ఉప్పు ముసలాయనే దగ్గరికొచ్చి, ఈ చెప్పే మనిషి ఏ ఊరిది, నా మనవరాలికి జ్వరం వదలడం లేదని అడిగాడు. గంగ అక్కడే ఉంది. సంచీలో నుంచి సూది తీసింది. ఆ వానాకాలమంతా ఆమెను ఎరగని ఊళ్లవాళ్లు కూడా గొంతు విని గుర్తుపట్టి పిలిచేవాళ్లు.

ఆ నమ్మకంతోనే గంగ ఇంకో మాట కదిపింది. విత్తనాల పండుగకు ఆడవాళ్లు ఎదురెదురుగా రెండు వరసల్లో నిలబడి పాడే పాట ఉంది. ఒక వరస కవ్విస్తుంది, ఎదుటి వరస తిప్పికొడుతుంది. ఒక వరసకు గంగ అత్త జోగి ముందు నిలుస్తుంది, రెండో వరసకు వాగు అవతల ఊరి సోమి. అది కూడా పట్టి పెడతావా అని గంగ అడిగింది. ఈసారి అభిషేక్ తన మంచి మైకులు పట్టుకుని కిరందుల్ నుంచి తనే వచ్చాడు. వరసకు ఒక మైకు పెట్టి పాటంతా పట్టారు.

ఎడిటింగ్ అయ్యాక అభిషేక్ చెయ్యి అలవాటుగా మోనో మీదికి వెళ్లింది. లలిత ఆపింది.

"దీనికి స్టీరియో. జ్వరం మాట ఎట్ట విన్నా అందాలి. ఈ పాట అట్ట కాదు, ఎవరు ఎటు నిలబడ్డరో అది కూడా పాటే. కలిపేస్తే జగడం పోతది."

నిజమేనక్కా అన్నాడు అభిషేక్. రెండూ తీశారు. హారన్‌కు ఒకటి మోనోలో, చెవులకు ఒకటి స్టీరియోలో.

జోగికి హెడ్‌ఫోన్లు పెట్టినప్పుడు చుట్టూ గూడెం చేరింది. ఆమె కాసేపు కదలకుండా విని, చటుక్కున కుడివైపు తల తిప్పింది. "సోమి ఇటుంది" అంది, అక్కడ మనిషి ఉన్నట్టే చూస్తూ. అందరూ నవ్వారు. జోగి నవ్వలేదు, ఇంకా శ్రద్ధగా వింది. పాడేటప్పుడు తన వరస హోరులో, డోలు మోతలో ఎదుటివాళ్ల మాటలు సగమే చెవిన పడతాయి. ఇప్పుడు అన్నీ విడివిడిగా తెలుస్తున్నాయి. ఉన్నట్టుండి ఆమె, సోమి మాట మార్చింది, ఆ చరణంలో ఉండాల్సింది అది కాదు అని తగువు పెట్టుకుంది. ఆ కబురు వాగు దాటింది. రెండు రోజులకు సోమి తన వాళ్లతో వచ్చి, మార్చింది నేను కాదు మీరే, నాకూ వినిపించండి అని కూర్చుంది. వయసులో చిన్న ఆడపిల్లలు ఆ తగువు వింటూనే చరణాలన్నీ నేర్చేసుకున్నారు.

ఇప్పుడు ఆవపల్లి వైపు నుంచి కూడా మా పాట పట్టాలని లలితకు కబుర్లు వస్తున్నాయి. పెళ్లికి హారన్లు అడగడానికి వచ్చినవాళ్లను సైతం వెంకన్న వదలడు. ముందు కూర్చోబెట్టి, మోనో అంటే ఏంది, స్టీరియో అంటే ఏంది అని చేతులు రెండు చెవుల దగ్గర పెట్టుకుని వివరిస్తాడు. వాళ్లు ఏది పెట్టమంటారో తేల్చుకోలేక చూస్తుంటే, ఆ దిగులు మీకెందుకు, దేనికో చెప్పండి చాలు, ఏది పెట్టాలో మా బిడ్డ ఎరుగును అంటాడు. లోపల హెడ్‌ఫోన్లు పెట్టుకుని పనిలో మునిగిన లలితకు ఆ మాటలు వినపడవు. వినపడని చోటే ఆయన మరీ గట్టిగా చెబుతాడు.