మందుచీటీలో రాసిన తోడు

తొంభైల చివర్లో మామిడికుదురు దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సుగా పనిచేశాను. నా నోటికి జడిసి పెద్దవాళ్లు కూడా కిక్కురుమనకుండా మందులు మింగేవారు. అది నాకు గర్వంగానే ఉండేది.

ఆ అమ్మాయి ప్రతి సోమవారం వచ్చేది. ఇరవై ఆరేళ్లుంటాయి. మొగుడు కొబ్బరికాయల దింపు తీస్తూ చెట్టు మీంచి పడి చనిపోయాడు. పిల్లల్లేరు. నిద్రమాత్రలు కావాలనేది. నిద్రెందుకు పట్టడం లేదని డాక్టరుగారు అడిగితే "పెరట్లో కాలవుందండీ. చీకటి పడితే అటే వెళ్లబుద్ధవుతుందండీ" అంది.

ఆయన మాత్రలు రాయలేదు. రోజూ మధ్యాహ్నం తాళ్లు పేనే ఆడవాళ్ల దగ్గర కూర్చోవాలని చీటీ మీద తెలుగులో రాశారు. ఈమెకి మనుషులే మందని నాతో అన్నారు. ఇదేం వైద్యమని లోపల నవ్వుకున్నాను. అయినా నేనే వెంటబెట్టుకుని, ఆమె వీధి చివర ఒక పెద్దావిడ పాకకి తీసుకెళ్లాను. అక్కడ పదిమంది కొబ్బరి పీచుతో తాళ్లు పేనుతుంటారు. వచ్చేముందు, టీబీ మాత్రలిచ్చేటప్పటిలాగే కళ్లురిమి, ఒక్క రోజు కూడా మానకూడదని, మానితే మళ్లీ మొదటికొస్తుందని చెప్పాను.

రెండు నెలలు తిరిగేసరికి మనిషి మారిపోయింది. తలలో పీచు పోగులతో వచ్చి, పెద్దావిడ తననెలా ఆటపట్టిస్తుందో చెప్పి నవ్వింది. మాత్రలడగలేదు. నేను పొంగిపోయాను. డాక్టరుగారు మాత్రం, ఇంకా చూడాలి అన్నారు.

శ్రావణమాసంలో ఒక సోమవారం రాలేదు. నయమైంది కదా, ఇంకెందుకొస్తుందిలే అనుకున్నాను. బుధవారం టీకాలకి ఆ వీధికి వెళితే, పాకలో అందరూ తలలు వంచుకుని పేనుతున్నారు. ఎవరూ నన్ను కూర్చోమనలేదు. ఏమైందని గదమాయించాక పెద్దావిడ చెప్పింది. శుక్రవారం పాకలోనే పేరంటం పెట్టుకున్నారట. ఆ అమ్మాయి ఎప్పటిలాగే వచ్చి కూర్చుందట. పసుపూ కుంకుమా శనగలూ అందరికీ ఇస్తూ ఆమె దగ్గరికొచ్చేసరికి పళ్లెం ఆగిపోయిందట.

"మేవేం అన్లేదండీ. ఈ ఒక్క పూటా ఇంటికెళ్లమ్మా అని నెమ్మదిగానే చెప్పేనండీ. నర్సమ్మగారు మానొద్దన్నారండీ అని, లేచెళ్లిపోయిందండీ."

అప్పట్నించీ ఆమె రాలేదు, వీళ్లూ వెళ్లి చూడలేదు. ఆ శుక్రవారం నేనూ తలంటుకుని, కుంకుమ దిద్దుకునే డ్యూటీకొచ్చాను. ఆ పూట పేరంటాలుంటాయి, ఇంట్లో ఉండమని ఆమెకి ముందే చెప్పాలన్న ఆలోచనే రాలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

టీకాల పెట్టె అక్కడే వదిలేసి పరిగెత్తాను. ఆమె ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. పిలిస్తే పలకలేదు. పెరట్లోకి వెళ్లాను. సార్వా నాట్లకి వదిలిన నీళ్లతో కాలవ నిండుగా పారుతోంది. ఆమె రేవు మెట్ల మీద, పాదాలు నీళ్లలో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి మర్యాదగా లేవబోయింది.

"మీరు చెప్పిన మందు వాడేనండీ. బాగానే పనిచేసిందండీ" అంది. "ఇంకోటేదైనా ఉందాండీ?" అని అడిగింది.

నాకు ఏడుపొచ్చింది. చీర తడుస్తుందని కూడా చూడకుండా ఆమెని దాటి దిగి, ఆమెకీ కాలవకీ మధ్య నీళ్లలో ఉన్న మెట్టు మీద కూర్చున్నాను.